అమ్మ పెదవులతో పాడిన చరణం

ఈ ఉదయం బియ్యం కడిగిన నీళ్ళు కారిడార్‌లో ఉన్న కరివేపాకు కుండీకి పోస్తుంటే పక్క ఫ్లాటు చైనా ఆవిడ మార్కెట్టు నుంచి వస్తూ ఆగింది. ఆవిడ ఇంగ్లీషూ నా ఇంగ్లీషూ కలిపినా ఒక మనిషికి సరిపోదు. అయినా ఇన్నేళ్ళుగా కూరల ధరలు, మోకాళ్ళ నొప్పులు, కోడళ్ళ వంటలు అన్నీ మాట్లాడుకుంటూనే ఉన్నాం. నా మొహంలోకి చూసి, "ఆంటీ, యూ ప్రేయింగ్ ఆ?" అంది. నా పెదవులు కదులుతున్నాయి, మాట బయటికి రావడం లేదు, అందుకని అడిగింది. ఇక్కడి అలవాటు ప్రకారం మాట చివర ఒక ‘లా’ తగిలించి "యెస్ లా" అనేశాను. దేవుడి పేరు చెప్పి తప్పించుకునే అలవాటు నాకు లేదు. కానీ నిజం చెప్పడం మొదలుపెడితే ఆవిడ సంచీలో చేప పాడైపోయేది.

అది ప్రార్థన కాదు. మా అమ్మ నాకిచ్చిన పాటలో ఒక చరణం. ఆ చరణానికి గొంతు లేదు, పెదవులే. పాట మిగతా అంతా పైకి పాడి, అక్కడికొచ్చేసరికి అమ్మ గొంతు ఆపేసి పెదవులు మాత్రం కదిపేది. నేనూ అలాగే నేర్చుకున్నాను. మొన్నమొన్నటిదాకా ఆ చోట అమ్మ నాకు మాత్రమే ఏదో చెప్పిందనుకుంటూ బతికాను. ఏం చెప్పిందో ఈమధ్యనే తెలిసింది. తెలియకపోతే బాగుండేదా అంటే ఆ సంగతి కూడా తెలియడం లేదు.

మా నాన్న శ్రీకాకుళం వైపు నుంచి సముద్రం దాటి ఈ దేశం వచ్చి ఇక్కడి తెల్లవాళ్ళ నేవల్ బేసులో ఓడలకు పట్టిన తుప్పు గీకే పనిలో కుదిరాడు. పొద్దున్న మనిషి రంగులో వెళ్ళి సాయంత్రం తుప్పు రంగులో వచ్చేవాడు. స్నానం చేశాక గానీ మా నాన్నేనని నమ్మకం కుదిరేది కాదు. బేసు చుట్టూ మావాళ్ళ ఇళ్ళు వరసగా ఉండేవి. ఒకరింట్లో పోపు వేస్తే నాలుగిళ్ళకు తుమ్ములు. నేను పెద్దదాన్ని, నా తరవాత చెల్లెలు, ఆ తరవాత తమ్ముడు. తమ్ముడు పాలు మరిచాక అమ్మ ఒక దొరసాని ఇంట్లో బట్టలుతికి ఇస్త్రీ చేసే పనికి కుదిరింది. పిల్లాణ్ణి చూడడానికి ఇంట్లో మనిషి కావాలి. ఆ మనిషిని నేనే.

అప్పుడు నేను రెండో తరగతి. బడి అంటే నాకు ఎంత ఇష్టమంటే ఆదివారం వచ్చిందంటే కోపం వచ్చేది. బడి గంట మోగించే పని మా టీచరు వంతులవారీగా పిల్లలకిచ్చేది. నా వంతు రాకముందే మానిపించారు. నేను అన్నం తినకుండా తలుపు మూల కూర్చుంటే అమ్మ వచ్చి పక్కన కూర్చుంది. "ఏటే పిల్లా, తమ్ముడు నడిసీదాకా ఆగవే. ఆడు నడిసేక నిన్ను మళ్ళీ బడికి అంపిస్తాను" అంది. నేను నమ్మాను. వాణ్ణి తొందరగా నడిపించాలని గోడ పట్టించి, కుర్చీ పట్టించి, నా వేలు పట్టించి నేను పడ్డ పాట్లు చూసి ఇరుగుపొరుగు నవ్వేవాళ్ళు. వాడు నడిచాడు. పరిగెత్తాడు. చెట్లెక్కాడు. వాడే బడికి వెళ్ళాడు. నాకు మాత్రం పిలుపు రాలేదు. ఒకసారి నాన్నకు జ్వరం, ఒకసారి అమ్మకు నడుము పట్టేసింది, ఇంకోసారి చెల్లెలికి పరీక్షలు. పంపాలనే ఉంది పాపం అమ్మకు, కుదరలేదు అనుకున్నాను. నాకు తెలుగు అక్షరాలు నాన్న ఆదివారాలు కూర్చోబెట్టి దిద్దించినవే. ఇంగ్లీషు ఆ రెండో తరగతి దగ్గరే ఆగిపోయింది.

పాట సంగతి ఆ రోజుల్లోదే. అమ్మ పనికి వెళ్ళే ముందు నన్ను మెట్టు మీద కూర్చోబెట్టి జడ వేసేది. నూనె రెండు చుక్కలే. తలకు నూనె కారడం అంటే డబ్బు కారడమే అనేది అమ్మ, నేను ఇప్పటికీ అదే అంటాను. జడ వేస్తూ పాడేది.

పొద్దు పొడిచె లేవే పిల్లా, కొప్పు ముడిచి రావే పిల్లా
చేతికి పని, కాలికి దారి, చూసుకుంటూ రావే పిల్లా

దాని తరవాతే గొంతు లేని చరణం. నా గడ్డం పట్టుకుని మొహం తన వైపు తిప్పుకుని పెదవులు పెద్దగా, నెమ్మదిగా కదిపేది. దాని తరవాత మళ్ళీ గొంతు వచ్చేది.

మూతి ముడిస్తే ఎట్టా పిల్లా, నవ్వి నాతో రావే పిల్లా

"అక్కడేటంటున్నావే అమ్మా" అని అడిగితే, "అది నీకే" అనేది. చెల్లెలికి గానీ తమ్ముడికి గానీ ఆ పాట ఎన్నడూ పాడలేదు. ఒకరోజు చెల్లెలు తనకూ పాడమని గొడవ చేస్తే అమ్మ తేల్చి చెప్పింది. "మీకు సదువు. దానికి పాట." ఆ మాట నాకు తీర్పులాగా ఉండేది. ఇద్దరికీ ఇచ్చినదానికి సమంగా నాకూ ఒకటి ఇచ్చింది కదా అని. ఆ మూగ చరణంలో ఏముందో నాకు తోచినట్టు నింపుకున్నాను. ఒక్కో వయసులో ఒక్కోటి. చిన్నప్పుడు, నిన్ను మళ్ళీ బడికి పంపుతాను అని. పెళ్ళయ్యాక, నువ్వు లేకపోతే ఈ ఇల్లు నిలిచేది కాదు అని. అమ్మ పోయాక, నన్ను క్షమించు తల్లీ అని. సబ్బు అరిగి చెక్క అయితే కొత్త సబ్బుకు అతికించి వాడే మనిషిని నేను. రొట్టె సంచులు కడిగి ఆరేసుకుంటాను. అంతటి మనిషిని తల్లి మాట పారేస్తానా?

ఆ పాట అమ్మ సొంతం కాదని, దొరసాని దగ్గర పట్టిందని నాకు ముందునుంచీ తెలుసు. అందులో దాపరికం లేదు. దొరసాని అంటే మనం అనుకునే దొరసాని కాదు. మొగుడు డాక్‌యార్డులో మేస్త్రీ. ఆవిడ పెళ్ళికి ముందు వాళ్ళ దేశంలో కూలికి వెళ్ళిందట. చేతులు అమ్మ చేతులకన్నా మొరటు. అమ్మ ఉతుకుతుంటే తను పిండేది. ఆవిడకు ఒక విచిత్రమైన అలవాటు ఉండేది. పెరడుకు ఆ చివర నిలబడి, గొంతు లేకుండా నోరు మాత్రం ఇంతింత తెరిచి మాట్లాడేది. మనకేదో చెవుడు వచ్చిందేమో అనిపించేది. అమ్మకు ఆ విద్య పట్టుబడి, ఇంటికొచ్చి నాన్న మీద ప్రయోగించేది. ఆయన "ఏటే, దెయ్యం పట్టిందా" అనేవాడు. ఒకరోజు అమ్మ నన్నూ ఆ ఇంటికి తీసుకెళ్ళింది. దొరసాని నా తల నిమిరి, నా తల మీదుగా అమ్మ వైపు చూసి పెదవులు కదిపింది. అమ్మ కూడా పెదవులతోనే జవాబు చెప్పింది. ఇద్దరూ నన్ను చూశారు. నా జడను మెచ్చుకుంటున్నారనుకుని నేను జడ ముందుకు వేసుకున్నాను. దొరసాని బిస్కెట్టు ఇచ్చింది.

ఇక మా మనవరాలి సంగతి. కూతురి కూతురు, ఇక్కడి యూనివర్సిటీలో చదువుతోంది. కష్టజీవుల పాటలు ఎక్కడ పుట్టాయి, ఎటు తిరిగాయి అన్నది దాని పరిశోధన. దానికి మార్కులిస్తారట. "అమ్మమ్మా, నీ పాట కావాలి" అని ఒక ఆదివారం వచ్చి, నేను రొయ్యలు ఒలుస్తుంటే ఫోను నా మొహం ముందు నిలబెట్టింది. రాగం పట్టుకుని వెతికింది. బేసు కాబట్టి ముందు నావికుల పాటలన్నీ వెతికింది, దొరకలేదు. చర్చి పాటలేమోనని వాటి వెంట పడింది. ఒక పాదం కలిసింది, మిగతాది కలవలేదు. వచ్చిన ప్రతిసారీ మొహం వేలాడేసుకుని నా ఫ్రిజ్ తెరిచి నిలబడేది. చల్లదనం పోతుంది, తలుపు మూసి ఆలోచించుకో అనేదాన్ని. చివరికి నా వీడియో మళ్ళీ చూస్తూ, "అమ్మమ్మా, ఇక్కడ సౌండ్ ఎందుకు పోయింది? మైక్ ప్రాబ్లమ్ అనుకున్నా" అంది.

"పోలేదు. అది అంతే."

"అంతే అంటే?"

అమ్మ చేసినట్టే చేసి చూపించాను. అది రొయ్యల గిన్నె పక్కకు జరిపి, "వన్స్ మోర్ అమ్మమ్మా, స్లోగా" అంటూ మళ్ళీ తీసుకుంది. రాగం చెప్పని సంగతి ఆ మూగ చరణం చెప్పింది. ఇంగ్లండు ఉత్తరాన బట్టల మిల్లుల ఊళ్ళున్నాయట. ఒక్కో షెడ్డులో వందల మగ్గాలు ఆడుతుంటే పక్క మనిషి అరిచినా వినపడదట. అందుకని అక్కడి ఆడవాళ్ళు పెదవులతో మాట్లాడుకోవడం నేర్చుకున్నారట. వీధిలో కూడా, పిల్లలు వినకూడని మాటలకు, పక్కింటి రంకులకు, రోగాలకు అదే భాషట. మా దొరసాని కూలి చేసింది అలాంటి మిల్లులోనే కాబోలు. మనవరాలు ఆ వీడియో ముక్కను ఇంటర్నెట్‌లో ఆ ఊళ్ళ పాత మనుషులు కబుర్లు చెప్పుకునే చోట పెట్టింది. నాలుగు రోజులు కాకముందే ఒక ముసలావిడ, ఈ పాట నాకు తెలుసు, ఆమెతో మాట్లాడతాను అందిట.

మాకు మధ్యాహ్నం, ఆవిడకు పొద్దున్న. ఫోనులో కనబడింది. నాకన్నా పెద్దది, తెల్లటి జుట్టు, చేతిలో టీ కప్పు. ఆవిడా మిల్లులో చేసిన మనిషేనట. మనవరాలు ఆవిడ మాట నాకు, నా మాట ఆవిడకు చెబుతోంది. పాడమంది. పాడాను. మొదటి పాదానికే ఆవిడ తల ఊపుతూ కప్పు కింద పెట్టింది. మూగ చరణం దగ్గర నేను పెదవులు కదిపితే ఆవిడ కూడా నాతో సమంగా పెదవులు కదిపింది. రెండు నోళ్ళూ ఒక్కలాగే తెరుచుకున్నాయి, ఒక్కలాగే మూసుకున్నాయి. మిగతా పాదాలు తెలుగు చేసుకున్నా, ఆ చరణాన్ని అమ్మ ఇంగ్లీషు పెదవుల్లోనే ఉంచేసిందన్నమాట. అమ్మ పోయి ఎంత కాలమైందో, ఆ నోరు మళ్ళీ చూశాను. ఆవిడ చేతులు చరిచి నవ్వుతూ ఏదో గడగడా చెప్పింది. మనవరాలు వింటూ వింటూ నా వైపు చూడడం మానేసింది.

"ఏమంటోంది?"

"సరిగ్గా వచ్చింది అంటోంది అమ్మమ్మా. పాత పద్ధతిలోనే ఉందట."

"ఆ చరణంలో ఏముంది?"

"ఇట్స్ జస్ట్ ఎ సాంగ్ అమ్మమ్మా."

"నేను చదువుకోలేదు గానీ చెవిటిదాన్ని కాదు. చెప్పు."

చెప్పింది. ఇంటికి పెద్దపిల్లను బడి మానిపించి మొదటిసారి మిల్లుకు తీసుకుపోయే రోజున తల్లి పాడే పాట అది. గేటు దాకా వెళ్ళేసరికి మిగతా ఆడవాళ్ళు అందుకుంటారు. మూగ చరణం పిల్లకు కాదు. పిల్ల తల మీదుగా తోటి ఆడవాళ్ళకు. బడి గంట ఇక దీనికి మోగదమ్మా, దీనితో ఎవరూ చెప్పకండమ్మా అని.

ఆవిడ ఇంకా నవ్వుతూనే ఉంది. తన తల్లి కూడా తనకు పాడిందట. వాళ్ళ పిల్లలకు పాలతోపాటు పెదవులు చదవడం వచ్చేస్తుంది కాబట్టి అందులో దాపరికమేమీ ఉండదట. తల్లి దాచినట్టు నటిస్తుంది, పిల్ల తెలియనట్టు నటించి, చివరి పాదం తనే అందుకుని నాలుక బయటపెడుతుంది. అదొక వేళాకోళం. తను కూడా నాలుక బయటపెట్టి చూపించింది, ఆ వయసులో. అయితే మా ఇంట్లో చివరి పాదం కూడా అమ్మే పాడేసేది. నాకు జవాబు చెప్పే వంతు ఉందని నాకెవరూ చెప్పలేదు.

"మళ్ళీ బడికి పంపుతానని వాళ్ళమ్మ అనేదా, అడుగు" అన్నాను. మనవరాలు అడిగింది. ఆవిడ నవ్వు ఆపి నన్ను నిదానంగా చూసింది. మాకెవరూ ఏ మాటా ఇవ్వలేదమ్మా అంది.

ఫోను పెట్టేశాక మనవరాలు నన్ను పట్టుకుని, "మీ అమ్మకు మీనింగ్ తెలిసి ఉండకపోవచ్చు కదా. ట్యూన్ నచ్చి పాడారేమో" అంది. నేనూ ఆ కొమ్మే పట్టుకున్నాను. రెండు రోజులు దాన్ని పట్టుకునే వేలాడాను. అమ్మకు ఇంగ్లీషు ఏం వచ్చు, దొరసాని ఏదో అంది, ఈవిడ ఏదో పట్టింది, అంతే అనుకున్నాను. కానీ ఆ రోజు దొరసాని ఇంట్లో నా తల మీదుగా కదిలిన పెదవులు గుర్తొచ్చి నిద్ర పట్టేది కాదు. మూడో రోజు ఈ ఊళ్ళోనే సెంగ్‌కాంగ్ పేటలో ఉన్న చెల్లెలి దగ్గరికి బయలుదేరాను. మా ముగ్గురిలో ఇప్పుడు మిగిలింది మేమిద్దరమే. అది టీచరుగా చేసి రిటైరైంది. అది చదువుకున్నప్పుడు దాని బట్టలు ఇస్త్రీ చేసింది నేను, దాని మొదటి ఉద్యోగానికి స్వీట్లు పంచింది నేను. మా చెల్లి టీచరు అని చెప్పుకోవడానికి నేను బస్సులో పక్క సీటు మనిషిని కూడా వదలను.

"రా అక్కా. ఫోన్ చేస్తే స్టేషన్‌కి వచ్చేదాన్ని కదా" అంది.

"దారి తెలుసు నాకు."

రొట్టె సంచీలో తీసుకెళ్ళిన కరివేపాకు ఇచ్చాను. టీ పెట్టింది. అది ఎదురుగా కూర్చున్నాక ఆ చరణం పెదవులతో పాడాను, అంతే. ఇదేంటక్కా అని అడుగుతుందని చూశాను. చేతిలో కప్పు కింద పెట్టి, "ఎవరు చెప్పారు?" అంది.

ఇంకేముంది. ఆ మాటతోనే అంతా తెలిసిపోయింది. అయినా అడగాల్సింది అడిగాను.

"నీకెప్పటినుంచి తెలుసు?"

"టీచర్ ట్రైనింగ్‌లో ఉన్నప్పటినుంచి. ఇంగ్లీష్ వచ్చాక నీ పెదవుల్లో కొన్ని మాటలు పోల్చుకుని అమ్మనే అడిగాను."

"అమ్మకు అర్థం తెలుసా?"

"తెలుసక్కా. దొరసాని విడమరిచి చెప్పిందంట."

"నన్ను మళ్ళీ పంపుదామని ఎప్పుడైనా అనుకుందా?"

చెల్లెలు కిటికీలోంచి చూసింది. కింద ఎల్‌ఆర్‌టీ రైలు వంపు తిరుగుతోంది. "లేదక్కా. ‘నిజం సెప్తే అది ఏడుస్తాది, నాను పనికి ఎల్లలేను, అందుకే అలా సెప్పేను’ అంది."

"ఏడుస్తూ చెప్పిందా?"

అబద్ధం చెప్పొచ్చు. చెప్పలేదు. "మామూలుగానే చెప్పింది. బెండకాయలు తరుగుతూ."

"నువ్వెందుకు చెప్పలేదే నాకు?"

"ఏమని చెప్పను? నువ్వు అందరికీ నా చదువు గురించి గొప్పగా చెప్పుకుంటూ తిరిగేదానివి. ఈ మాట చెప్పి నీ ఎదురుగా ఎలా కూర్చోను? నా పిల్లల్ని కూడా ఆ పాటతోనే నిద్రపుచ్చావు నువ్వు. హ్యాపీగా ఉన్నావు, ఎందుకు స్పాయిల్ చేయడం లా అనుకున్నా."

"హ్యాపీగా ఉన్నానని నీకెవరు చెప్పారు?"

టీ అలాగే వదిలేసి లేచాను. నా జన్మలో ఒకరు పోసిన టీ వదిలేయడం అదే మొదలు.

బడి మానిపించినందుకు నాకు అమ్మ మీద కోపం లేదు. ఆ ఇంటి పరిస్థితి నాకు తెలియనిదా? పిల్లా, ఇక నీకు బడి లేదే అని మొహం మీద చెప్పి ఉంటే నాలుగు రోజులు ఏడ్చి ఐదో రోజు చీపురు పట్టుకునేదాన్ని. పేదింటి పిల్లలకు అది కొత్త కాదు. ఆ మిల్లు ఊరి పిల్లలకు చెప్పారు, వాళ్ళు నాలుక బయటపెట్టారు, అక్కడితో సరి. నాకు మాత్రం గోడ పట్టించి తమ్ముణ్ణి నడిపించే ఆశ ఒకటి ఇచ్చి, ఆ ఆశ లేదని నా గడ్డం పట్టుకుని నా కళ్ళలోకి చూస్తూ రోజూ చెప్పింది. చెప్పి, అది నీకే అంది. దాన్ని పుచ్చుకుని నేను చెల్లెలి చదువుతో తూకం వేసుకుని సమానమే అనుకున్నాను. ఆ తూకంలో రాయి తప్పుడుదని ఇద్దరికీ తెలుసు. ఒకరు పోయారు, పోయినవాళ్ళతో పోట్లాడలేం. ఒకరు సెంగ్‌కాంగ్‌లో ఉన్నారు, వాళ్ళతో పోట్లాడి ఏం చేయను?

నిన్న మనవరాలు రాసినదంతా పట్టుకొచ్చింది. పాట పుట్టిన ఊరు, మిల్లు, దొరసాని, మా అమ్మ, నేను, అన్నీ వరసగా పెట్టింది. "టైటిల్ కింద లల్లబై అని రాశాను అమ్మమ్మా, ఓకేనా?" అంది.

"జోలపాట కాదది. కొట్టేయ్."

"మరి ఏం రాయను?"

"పనికి తోలే పాట అని రాయి."

కొట్టేసి రాసింది. కొంచెం జంకుతూ, "సైలెంట్ లైన్ దగ్గర బ్లాంక్ వదిలేస్తాను. నీకు హర్ట్ అవుతుందంటే అసలు ఈ పాటే తీసేస్తాను, వేరేది చూసుకుంటాను" అంది. దాని మార్కులు పోతాయని దానికి తెలుసు. అయినా అడిగింది. నన్ను అడిగి చేసినవాళ్ళు మా ఇంట్లో ఇదే మొదలు.

"ఖాళీ వద్దు. ఫోను పెట్టు" అన్నాను.

పాడాను. లేవే పిల్లా అన్నాను, రావే పిల్లా అన్నాను. ఆ చోటు వచ్చింది. పెదవులు అలవాటుగా గొంతును ఆపబోయాయి. ఆగనివ్వలేదు. బడి గంట దీనికింక మోగదమ్మా, దీనితో ఎవరూ చెప్పకండమ్మా, అని పైకి పాడాను, తెలుగులో, పక్క ఫ్లాటుకు వినబడేటట్టు. అక్కడ రాగం పైకి ఎక్కుతుందని నాకు అప్పటిదాకా తెలియదు. ఎప్పుడూ ఎక్కలేదు కాబట్టి గొంతుకు అందలేదు, చీలింది. మనవరాలు కళ్ళు తుడుచుకుని, "మళ్ళీ ఒకసారి పాడతావా అమ్మమ్మా, ఆ లైన్ సరిగ్గా రాలేదు" అంది. సరిగ్గానే వచ్చింది, ఒకసారి చాలు అన్నాను.

అమ్మ మాట నమ్మడానికి నాకు ఒక్క పూట పట్టింది, వదలడానికి దాదాపు జన్మంతా పట్టింది. జరిగిపోయింది జరిగిపోయింది అని అందరూ అంటారు గానీ, బడి మానడం అన్నది నాకు ఈ వయసులో, ఇప్పుడిప్పుడే జరుగుతోంది.